బుచ్చిరాములన్న సెలవు జవాబు

నాచారంలోని మా ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసే బుచ్చిరాములన్నకు, పలకరించిన వాళ్ళకు జవాబివ్వకపోతే అన్నం సహించదు. ఫోన్‌లో రికార్డు చేసిన గొంతు వినిపించినా “వద్దమ్మా, ఉంట మరి” అని చెప్పిగానీ పెట్టేయడు.

ఇంటికి రంగులు వేయించుకోవాలని వారం సెలవు పెట్టాడు. సెలవులో ఉన్నట్టు మెయిల్‌కు దానంతటదే వెళ్ళే జవాబు, ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసే నేనే పెట్టిచ్చాను. రెండు రోజులకే చెంగిచెర్లలోని ఇంటి నుంచి అన్న ఫోన్.

“ఏంది తమ్మీ, పొద్దున మనకు సరుకు పంపే దయాకర్ మళ్ళ మెయిల్ పెడితే నీ సర్వర్ పలకలేదంట. నాకు పొగరనుకోడా?”

నాకు ఒళ్ళు మండింది. “మొన్న ఒకపారి చెప్పింది గదనే! ఒక మనిషికి ఒకపారి చెప్తే చాలు, ఊకె చెప్పదు. మెషిన్ పంపిన మెయిల్‌కైతే అసలే చెప్పదు. అవుతల గూడ గిసొంటిదే ఉంటే, రెండూ ఒకదానికొకటి జవాబులు ఇచ్చుకుంటనే కూసుంటయి.”

“మస్తు తెలివైందే!” అన్నాడు అన్న.

ఆదివారం ఉప్పల్ నుంచి వాళ్ళింటికి వెళ్ళాను. కొత్త రంగు వాసనలో అన్న హాయిగా కూర్చుని ఉన్నాడు. ఫోన్‌లో రికార్డు గొంతు రాగానే మాట్లాడకుండా కట్ చేశాడు. నాకు ముచ్చటేసింది.

“ఉల్లిగడ్డ తెస్తవా?” అని లోపల్నుంచి వదిన రాములమ్మ అడిగింది.

“తెస్త,” అన్నాడు అన్న.

కాసేపాగి మళ్ళీ అడిగింది. అన్న నావైపు చూసి నవ్వి ఊరుకున్నాడు.

వదిన గరిటెతో గడపలోకి వచ్చింది. “నాకు గూడ సెలవే పెట్టినవా?”

“పోతున్న, పోతున్న, పోతున్న,” అంటూ అన్న చెప్పులు వెతుక్కున్నాడు.