నిచ్చెన కింద ఆకులు

నేను పిరికిదాన్ని. లిఫ్టు ఒంటరిగా ఎక్కను. మీద బల్లి పడితే మూడు రోజులు అదే చెప్పుకుంటాను. అలాంటిదాన్ని తీసుకెళ్ళి మా అమ్మాయి అమెరికాలో ఆర్కాన్సా కొండల్లో పెట్టింది. అది డాక్టరు. వీసా షరతు ప్రకారం మూడేళ్ళు అక్కడి చిన్న ఆసుపత్రిలో పనిచేయాలి. పక్కిల్లు కంటికి ఆనదు. ఫోన్‌కి సిగ్నల్ కావాలంటే కొండమలుపు దాకా కారులో వెళ్ళాలి. నాకు కారు నడపడం రాదు.

మా అల్లుడుగారిది దూరంగా బెంటన్‌విల్ ఊళ్ళో ఉద్యోగం. సోమవారం నుంచి ఇంట్లోంచే పని చేయాలని శాటిలైట్ ఇంటర్నెట్ తెప్పించుకున్నారు. బిగించేవాళ్ళు రావడానికి మూడు వారాలు పడుతుందట. "ఈజీనే, నేనే ఇన్‌స్టాల్ చేసేస్తా" అన్నారు మా అమ్మాయితో.

అమ్మాయితో అన్నారు, నాతో కాదు. మా ఇళ్ళలో అత్తగారు అల్లుడికి ఎదురుపడి మాట్లాడదు. మా అమ్మయితే తలుపు చాటునుంచి బయటికే వచ్చేది కాదు. నేను అంత కాకపోయినా, ఈ ఆరేళ్ళలో ఆయన మొహం చూసి ఒక్క మాట అనలేదు. "మీ ఆయనకి ఇంకాస్త పప్పు కావాలేమో అడగవే" అంటాను. అమ్మాయి ఇంట్లో లేకపోతే గోడకి చెబుతాను, కాఫీ బల్ల మీద ఉందని. అమ్మాయి పడీ పడీ నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని.

ఆ శనివారం మధ్యాహ్నం అది డ్యూటీలో ఉంది. ఆయన చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని, ముందే డౌన్‌లోడ్ చేసుకున్న వీడియో వింటూ, ఇంటికప్పు ఎక్కడానికి నిచ్చెన గోడకి ఆనించారు. నిచ్చెన ఒక కాలు గట్టినేల మీద ఉంది. రెండోది తడిసిన ఆకుల మీద ఉంది. "అక్కడ ఆకులున్నాయి" అన్నాను వసారా స్తంభంతో. ఆయనకి వినపడలేదు. ఇంకోసారి అనబోయి, ఇంజనీరుకి ఆ మాత్రం తెలీదా అని నోరు మూసుకున్నాను.

కప్పు మీద డిష్ బిగించడానికి గంట పట్టింది. ఆ గంటా ఆకులవైపే చూస్తూ ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను. ఆయన దిగబోతూ కాలు పెట్టగానే నిచ్చెన సర్రున జారి గడ్డిలో పడింది. కప్పు అంచున నడుము దాకా గాల్లో వేలాడుతూ, రెండు చేతులతో డిష్ కాడని పట్టుకున్నారు.

ఫోన్ పనిచేయదు. ఎంత గొంతు చించుకున్నా వినే నాథుడు లేడు. చేతిలో బలం లేదు. అయినా ఆకులు కాలితో తన్నేసి నిచ్చెన ఎత్తాను. మొదటిసారి పక్కకి ఒరిగిపోయింది. రెండోసారి గోడకి ఆనింది. పైన కాడ కిర్రుమంది.

"బాబూ! చెయ్యి వదలకు! నిచ్చెన పెట్టాను. ఎడమ కాలు కిందికి!"

"రాలేనండీ."

"చచ్చినట్టు రావాలి! దించు కాలు!"

నేనే రెండు మెట్లు ఎక్కి ఆయన చీలమండ పట్టుకుని మెట్టు మీద పెట్టాను. పెళ్ళిపీటల మీద పళ్ళెంలో నేను నీళ్ళు పోస్తుంటే మావారు కడిగిన కాలు అది. అదురుతోంది. ఒక్కో మెట్టూ చెబుతూ దింపాను. దిగాక ఇద్దరం గడ్డిలో కూలబడ్డాం.

సాయంత్రానికి ఇంటర్నెట్ వచ్చింది. అమ్మాయి వీడియో కాల్ చేసింది. ఆయన జరిగింది చెబితే, నిచ్చెన ఎలా పడిందని అడిగింది.

"గాలికి పడింది. అత్తయ్యగారే సేవ్ చేశారు" అన్నారాయన.

"అమ్మా, నువ్వేనా!" అని మురిసిపోయింది పిచ్చిపిల్ల.

నేను వంటింట్లోకి పోయాను. స్టవ్ మీద ఉప్మా అడుగంటుతున్నా గరిటె ఆడలేదు. రేపు మళ్ళీ ఎక్కుతారేమో, మళ్ళీ నేను స్తంభంతోనే చెబుతానేమోనని కొత్త భయం పట్టుకుంది. స్టవ్ ఆపి హాల్లోకి వచ్చాను. కాల్ అయిపోయింది. ఆయన ఎదురుగా నిలబడి మొహంలోకి చూశాను.

"గాలి కాదు బాబూ. నిచ్చెన కాలు ఆకుల మీద ఉంది. నువ్వు ఎక్కకముందే చూశాను."

ఆయన మొహంలో కోపం లేదు, అర్థంకాకపోవడమే ఉంది.

"మరి చెప్పలేదేం అత్తయ్యా?"

స్తంభంతో చెప్పానని ఆ మొహం చూస్తూ ఎలా చెప్పను?