వెనకొచ్చేవాడికి కనపడాలి

మా మామయ్యగారు పోయిన కబురు ఆటో ఎలక్ట్రికల్ షాపు నుంచి వచ్చింది. పొద్దున వంటింట్లో పోపు పెడుతుంటే షాపు మెకానిక్కు ఫోన్ చేశాడు. "అమ్మా, మాస్టారు బల్ల మీద కూర్చుని లైటు చూస్తూ చూస్తూ పక్కకి ఒరిగిపోయారండి. ఆసుపత్రికి తీసుకొచ్చాం. సార్‌ని తీసుకుని తొందరగా రండి" అన్నాడు. నేనూ మా ఆయనా వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆయన చూపుడువేలికి నల్ల టేపు ముక్క ఇంకా అంటుకునే ఉంది. దాన్ని నేనే ఒలిచి తీశాను.

తిరువూరులో ఆయన్ని అందరూ డ్రిల్లు మాస్టారనే పిలిచేవారు. మీలో కొందరు ఆయన చేత మైదానం చుట్టూ పరుగులు పెట్టించుకున్నవాళ్ళే అయి ఉంటారు. గొంతు అంటే గొంతే. ఇంట్లో కాఫీ అడిగినా వీధి చివరిదాకా వినపడేది. కాపరానికి వచ్చిన కొత్తలో నాకు కోప్పడుతున్నారేమో అనిపించి, కాఫీ ఇచ్చేసి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఆయన మామూలుగా మాట్లాడటమే అంత అని అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

రిటైరయ్యాక ఆయన ఒక పాత స్కూలు మినీబస్సు కొన్నారు. సీట్లు పీకించి మంచం వేయించారు. గ్యాస్ స్టవ్వు, నీళ్ళ ట్యాంకు, వెనక మూల తలుపున్న చిన్న గదిలో కుర్చీ కమోడు పెట్టించారు. రవాణా ఆఫీసు చుట్టూ తిరిగి కాగితాలు కూడా మార్పించారు. వీధిలోవాళ్ళు దానికి ఇల్లుబండి అని పేరు పెట్టి నవ్వుకున్నారు. ఈ వయసులో ఇదేం సరదా అని నేనూ ఒకసారి అడిగాను. "మీ అత్తయ్యకి మోకాళ్ళు వంగవు. దేవుళ్ళేమో ఒక్కొక్కడు ఒక్కో మూల కూర్చున్నాడు. మధ్యలో ఎక్కడా సరైన బాత్రూము లేదు. నన్నేం చెయ్యమంటావమ్మాయ్?" అన్నారు. తర్వాత నేను నవ్వలేదు.

ఆ బండిలో వాళ్ళు మొదట వెళ్ళింది నెమలి అనే ఊరికి. వేణుగోపాలస్వామి దర్శనం బాగా అయింది. మా అత్తయ్యకి మడి పట్టింపు. బండిలోనే స్నానం చేసి, మడిచీరతో గుడికి వెళ్ళొచ్చి, దాన్ని జాడించి ఆరేసింది. ఎవరూ ముట్టుకోకుండా ఎత్తుగా ఆరేయాలి కదా, బండి వెనక పైకెక్కే నిచ్చెనకి కట్టింది. బయల్దేరేటప్పుడు ఇంకా తడిగా ఉందని అలాగే ఉంచేశారు. వేరే ఏ బండిలోనూ ఎవరూ చెయ్యని పని అది. ఇల్లులాంటి బండి కాబట్టే ఆవిడకి పెరట్లో దండెం మీద ఆరేసినట్టే ఉంది.

తిరిగొస్తూ పెనుగొలను ఊరు దాటాక, నీడలో అన్నం తిందామని ఆయన కుడివైపు తోటలోకి తిరగబోయారు. ఇండికేటర్ వేశారు. చీర జారి ఆ దీపం మీద పడి ఉందని ఆయనకి తెలీదు. వెనక నుంచి బైకు మీద పాలక్యాన్లతో వస్తున్న మనిషి దాటబోయి బండి పక్కకి గుద్దుకుని పడ్డాడు. కాలు విరిగింది. పాలన్నీ రోడ్డు మీద పారాయి. ప్రాణాపాయం తప్పింది గానీ ఆ కాలు మళ్ళీ సరిగ్గా అతకలేదు.

అతన్ని చూడటానికి వెళ్ళినప్పుడు వాళ్ళతో నేనూ ఉన్నాను. "సిగ్నల్ వేశాను బాబూ" అన్నారు మామయ్యగారు. అంత గొంతూ ఎక్కడికి పోయిందో, పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు. "వేసే ఉంటారండి. నాకైతే చీరే కనపడింది" అన్నాడతను. నిష్ఠూరమేమీ లేదు, ఉన్నమాట చెప్పాడు. ఇంటికొచ్చాక మా అత్తయ్య, "ఆ మనిషి కాలు నా చీర విరిచింది. నేనింక ఆ బండెక్కను" అంది.

అదిగో, అక్కడ మొదలైంది ఆయన బాధ. ఎవరి కోసం బండి చేయించారో ఆ మనిషే ఎక్కనంటోంది. బతిమాలారు, అరిచారు, అలిగి ఒకపూట అన్నం మానేశారు. ఆవిడ కదల్లేదు. ఇక అప్పుడు ఆయన బండి వెనకవైపుకి వెళ్ళి నిలబడ్డారు. చాలాసేపు అలాగే చూశారు. తర్వాత నన్ను పిలిచి, "అమ్మాయ్, ఇన్నాళ్ళూ ఈ బండిని నేను ముందు నుంచే చూశాను. ఎంత బుద్ధితక్కువ పనో చూడు" అన్నారు.

వెనక దీపాలు బంపరు పక్కన, మోకాలెత్తులో ఉండేవి. పసుపు గాజు వెలిసిపోయి తెల్లబడింది. నిచ్చెన, స్టెపినీ టైరు సగం కప్పేసేవి. ఆయన ముందు నిచ్చెన పీకించి పక్కకి పెట్టించారు. కింది దీపాలకి గాజులు మార్పించారు. పైకప్పు కింద రెండు మూలలా కొత్త ఎల్ఈడీ ఇండికేటర్లు పెట్టించారు. అవి టకటకా కొట్టుకోవడం మొదలుపెడితే, దీపాన్ని వెలిగించి ఆర్పే పాత ఫ్లాషర్ వీటికి సరిపడదని మెకానిక్కు దాన్నీ మార్చాడు. తెల్లబండి మీద పసుపు వెలుగు తేలిపోతోందని దీపాల వెనక నల్లరంగు వేయించారు. పడమటి ఎండ సూటిగా పడితే వెలిగిందో లేదో తెలియడం లేదని పైన రేకు గొడుగులు బిగించారు.

ఒక్కోటి అయినప్పుడల్లా బండిని వీధిలో నిలబెట్టి, అత్తయ్యని గేటు దగ్గరికి పిలిచేవారు. తాను డ్రైవరు సీట్లో కూర్చుని ఇండికేటర్ వేసేవారు. "కనపడుతోందా?" ఆ కేకకి వీధిలో కుక్కలు లేచేవి.

"లేదండీ" అనేది అత్తయ్య.

నాకు కనపడేది. ఎదురింటి వాళ్ళకీ కనపడేది. రోడ్డు మీద పోయే ప్రతివాడికీ కనపడేది. అత్తయ్యకి మాత్రం కనపడేది కాదు. ఆయన దిగొచ్చి, దీపం వైపు చూసి, మళ్ళీ షాపుకి వెళ్ళేవారు. ఉండబట్టలేక ఒకరోజు నేనే అన్నాను: "మావయ్యగారూ, అది బాగానే కనపడుతోందండీ. అత్తయ్యగారు కావాలనే అంటున్నారు."

"నాకు తెలుసమ్మా" అన్నారు. "కానీ భయపడింది ఆవిడ. ఆవిడ కళ్ళకి కనపడిందాకా అది కనపడనట్టే."

ఈలోగా ఊరందరి వెనకా పడ్డారు. ఏ బండి చూసినా వెనక్కి వెళ్ళి చూడటమే. గడ్డి ట్రాక్టరు ఆపి, గడ్డి దీపాల మీదికి వేలాడుతోందని కొడవలి అడిగి కోయించారు. విస్సన్నపేట వెళ్ళే షేర్ ఆటోవాడు వెనక సినిమా పోస్టరు అంటిస్తే వాడితో తగువు పెట్టుకున్నారు. పక్కింటివాళ్ళు కొత్త కారుకి పూజ చేయించి వెనక దీపాల నిండా పసుపు రాస్తే గోడ మీంచి, "దణ్ణం పెట్టేశారుగా, ఇంక తుడవండి! వెనకొచ్చేవాడికి కనపడాలి!" అని అరిచారు. వాళ్ళు ముఖం మాడ్చుకున్నారు. చాదస్తం ముదిరిందని మా ఆయన విసుక్కునేవారు. నాకు విసుగు రాలేదంటే అబద్ధం. కానీ వారం వారం ఆ పాలమనిషిని చూడటానికి వెళ్ళొచ్చి, వరండాలో చీకటిపడేదాకా కూర్చునే మనిషిని చూస్తే ఏమీ అనబుద్ధయ్యేది కాదు.

ఆయన పోయిన రోజు పొద్దున కూడా అదే జరిగింది. బండి నిలబెట్టారు, దీపం వేశారు, అడిగారు. అత్తయ్య లేదంది. "అయితే ఇంకాస్త పెద్దది పెట్టిద్దాం" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. కాఫీ తాగి వెళ్ళండని నేను వెనక నుంచి పిలిచాను. వచ్చాక తాగుతానన్నారు.

చెప్పేస్తున్నాను, ఆ రోజు నాకు అత్తయ్య మీద చాలా కోపం వచ్చింది. ఆయన్ని కింద పడుకోబెట్టి ఉంటే, అందరూ ఏడుస్తుంటే, నా మనసులో ఒకటే మాట. ఒక్కసారి కనపడింది అని ఉంటే ఏం పోయేది? ఆవిడ ఏడవలేదు. గోడకి ఆనుకుని కూర్చుని తన చేతులు చూసుకుంటోంది. ఆ మాట నేను అననక్కర్లేదని అర్థమైంది. నాకంటే ముందు ఆవిడే అనుకుంటోంది.

మధ్యాహ్నం ఆ పాలమనిషి కుంటుకుంటూ వచ్చాడు. ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి అత్తయ్య ఎదురుగా కూలబడ్డాడు. "అమ్మగారూ, నాకు కాలే విరిగిందండి. ఆయన నిద్రే పోగొట్టుకున్నారు. బాధపడొద్దండీ, అయిపోయిందేదో అయిపోయింది అని ఎన్నిసార్లు చెప్పానో" అన్నాడు. అత్తయ్య అతని వైపు చూడలేక ముఖం గోడకి తిప్పేసుకుంది.

అస్థికలు కృష్ణలో కలపడానికి బెజవాడ వెళ్ళాల్సిన రోజు మా ఆయన ఇల్లుబండి తాళాలు తీశారు. "ఆ బండి వద్దురా" అంది అత్తయ్య. "నాన్న చేయించుకున్న బండమ్మా. నాన్నని ఇంకే బండిలో తీసుకెళ్ళను?" అన్నారు. అప్పటికే మెకానిక్కు వచ్చి ఆ ఆఖరి దీపం బిగించేసి ఉన్నాడు. మాస్టారి చేతిలో ఉన్నదాన్ని షాపులో ఉంచుకోలేనన్నాడు.

మా ఆయన, పురోహితుడు ఎక్కారు. బండి వీధిలోంచి మెయిన్ రోడ్డు వైపు కదిలింది. అత్తయ్య అప్పుడే గడప దాటి బయటికి రాకూడదని పెద్దవాళ్ళు వారిస్తున్నా, మోకాళ్ళు పట్టుకుంటూ గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసింది. పడిపోతుందేమోనని నేను వెనకే పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

బండి వెనకే ఒక షేర్ ఆటో నిండా జనంతో, పాటలు పెట్టుకుని జోరుగా పోతోంది. మలుపు దగ్గర బండికి కుడివైపు పసుపు దీపం వెలిగింది, ఆరింది, వెలిగింది. అత్తయ్య వేళ్ళు నా మణికట్టులో గుచ్చుకున్నాయి. దాటబోతున్న ఆటో ఠక్కున వేగం తగ్గించి, పక్కకి జరిగి ఆగింది. బండి నింపాదిగా తిరిగింది. ఆటో తన దారిన పోయింది.

"ఆగాడే" అంది అత్తయ్య. "వాడికి కనపడిందే."

"కనపడిందత్తయ్యా."

"నాకూ కనపడేదే అమ్మాయ్. మొదటి రోజు నుంచీ కనపడేది. ఎక్కుదాం పదండి అనడానికి నాకే ధైర్యం చాల్లేదు" అని రోడ్డు మీదే కూర్చుని, అన్ని రోజుల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. ఆవిడని లేపడానికి వంగుతూ నేను మలుపు వైపు చూశాను. తిరగడం ఎప్పుడో అయిపోయినా మా ఆయన ఇండికేటర్ ఆపడం మర్చిపోయారు. మలుపు పక్కనున్న ఖాళీ స్థలం అవతల, తిన్నగా ఉన్న మెయిన్ రోడ్డు మీద, లారీల మధ్య, ఆ పసుపు దీపం వెలుగుతూ ఆరుతూ పోతోంది. వెనకొచ్చే లారీలన్నీ దాటకుండా, దాని వెనకే నెమ్మదిగా వెళుతున్నాయి.