అమ్మ సొంత నాటు

చెడిపోయిన వస్తువును ఎవరైనా బాగుచేస్తారు, అందులో గొప్పేముంది. నడుస్తున్న వస్తువును విప్పి, తుడిచి, మళ్లీ బిగించి, ఆఖరుకు ఒక నట్టు చేతిలో మిగుల్చుకొని, "కంపెనోళ్లు ఎప్పుడూ ఒకటి ఎక్కువనే వెడ్తరు బిడ్డా" అనడానికి మా నాయినే కావాలి. ఆయన బాగుచేసిన ఫ్యాను మా ఇంట్లో ఇప్పటికీ తిరుగుతుంది, కానీ దాని కింద పడుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలదు. పక్కింటివాళ్లు మందు కొట్టే డబ్బా నుంచి చుక్కలు కారుతున్నాయని తెస్తే రెండు రోజులు కూర్చొని బాగుచేశాడు. తర్వాత మందు చేను మీద కంటే కొట్టేవాళ్ల వీపు మీదే ఎక్కువ పడింది. వాళ్లు మళ్లీ మా గడప తొక్కలేదు.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉండేవి. మా అమ్మ నాటు ముందురోజు దాకా.

మా అమ్మ ముప్పై ఐదేళ్లు ఊరివాళ్ల మడుల్లో నాట్లు వేసింది. మోత్కూర్ దిక్కు ఆమె కాలు పెట్టని మడి వెతికితే గానీ దొరకదు. పన్నెండు మంది ఆడవాళ్ల గుంపుకు ఆమే పెద్ద. ఎవరి మడికి ఏ రోజు పోవాలో, ఎక్కడ మొదలుపెట్టాలో ఆమె చెబితేనే. ఆ గుంపులో చాలామందికి అరెకరమో ఎకరమో ఉండేది, మాకు గుంట భూమి లేదు. నాకు నల్లగొండలో దవాఖానలో నర్సు ఉద్యోగం దొరికాక, నా జీతం, అమ్మానాయినల రెక్కల కష్టం కలిపి ఎకరన్నర కొన్నాము. బోరు, మోటరు, స్టార్టర్ డబ్బా అన్నీ పాత ఆసామివే. కొన్న రోజు అమ్మ గట్టు మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి వచ్చి, "యాసంగికి మన నాటు" అంది.

మా దిక్కు బదులు అని ఒక పద్ధతి ఉంది. భూమి ఉన్న ఆడవాళ్లు కూలి తీసుకోకుండా ఒకరి మడిలో ఒకరు నాటేస్తారు. ఇవాళ నేను నీ మడికి, రేపు నువ్వు నా మడికి. భూమి లేనివాళ్లకు బదులుండదు, కూలి ఒక్కటే. గుంపుకు పెద్దయినా మా అమ్మ అన్నేళ్లలో ఒక్కసారి కూడా బదులు పోలేదు. ఆ యాసంగిలో, రబీ నాట్లకు, మొదటిసారి పోయింది. రెండు వారాలు అందరి మడుల్లో వంగి వంగి, బుధవారం తన వంతు తెచ్చుకుంది. ఆ బుధవారం తప్పితే మళ్లీ పది పన్నెండు రోజుల దాకా గుంపు దొరకదు. నారు అప్పటికే ముదురుతోంది. ముదిరిన నారు నాటితే పిలకలు రావు, నాటినా నాటనట్టే. నేను మూడు రోజులు సెలవు పెట్టి వచ్చాను. వంట నాది. పన్నెండు మందికి బగార అన్నం, కోడికూర.

మాకు మొత్తం ఐదు మడులు. కింది మూడింటిని ట్రాక్టరాయన సోమవారమే నీళ్లలో దున్ని బురద చేసి పోయాడు. పైన రెండు మడులు నానుతున్నాయి. వాటి మీద ఇంకొంచెం నీళ్లు పారితే బుధవారం పొద్దున వచ్చి దున్నుతానన్నాడు. మోటరు బ్రహ్మాండంగా నడుస్తోంది. అదే కొంప ముంచింది.

మంగళవారం మధ్యాహ్నం నాయిన స్టార్టర్ డబ్బాకు చెవి పెట్టి నిలబడ్డాడు.

"గుర్రుమంటాంది," అన్నాడు.

"అది ఎప్పుడూ అట్లనే అంటది నాయినా," అన్నాను.

"రేపు నడిమిట్ల ఆగితే? ముందుగాలనే ఒకసారి తోమి వెడ్త. మీ అమ్మకు చెప్పకు."

కరెంటు బంద్ చేసి డబ్బా విప్పాడు. నేను మూత పట్టుకున్నాను. వైర్లు ఊడదీసే ముందు ఫోన్లో ఒక ఫోటో తీస్తానన్నాను. దవాఖానలో ఏ గొట్టం ఎక్కడిదో రాసుకోనిదే మేము చెయ్యి పెట్టము. "నువ్వు సూదులేసేటప్పుడు నేను నడుమ వచ్చిన్నా?" అన్నాడు. నేనూ మొండిదాన్నే, ఫోన్ లోపల పెట్టేసి ఊరుకున్నాను. ఆయన ఇసుక కాగితంతో రాగి ముక్కలన్నీ మిలమిలా మెరిసేదాకా రుద్ది, వైర్లు మళ్లీ బిగించి, మీట నొక్కాడు. మోటరు నడిచింది. గుర్రు కూడా తగ్గింది. ఆయన మొహంలో గర్వం చూడాలి.

అయితే పైపులో నీళ్లు లేవు. లేవంటే, ఉన్నాయి. చిన్నపిల్లలు పోసినంత.

కాసేపు చూశాము. కాసేపు ఆపి మళ్లీ వేశాము. ధార అంతే. నాయిన పైపు కొట్టి చూశాడు, బోరులోకి రాయి వేసి చెవి పెట్టి విన్నాడు, చివరకు నెమ్మదిగా, "బోరు ఎండింది బిడ్డా" అన్నాడు. మోటరు నడుస్తోంది, నీళ్లు రావడం లేదు. ఇంకేమనుకుంటాం? నేనూ అదే నమ్మాను.

అమ్మ వచ్చి చూసింది. గట్టు మీద కూలబడి ఆ సన్నటి ధార దిక్కే చూస్తూ ఉంది. ఎంతసేపటికో, "భూమి గూడ మనిషిని చూస్తదేమో బిడ్డా," అంది. "ఊరోళ్ల మడులల్ల మోకాలు బంటి నీళ్లుండె. నేను కొన్నంక గీ బోరు ఎండె. నన్ను వద్దంటాందేమో." స్టార్టర్ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. నాయిన కళ్లతోనే వద్దన్నాడు. ఎండిపోయిన బోరుకు స్టార్టర్‌తో ఏం సంబంధం అని నేనూ మింగేశాను. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

మోటరు మెకానిక్కుకు ఫోన్ చేశాను. "తొవ్వల ఉన్న అక్కా, అర్ధగంటల వస్త," అన్నాడు. గంట తర్వాత చేశాను. "తొవ్వలనే ఉన్న." పొద్దుగూకాక చేశాను. తొవ్వలోనే ఉన్నాడు. నాట్ల కాలంలో మండలం మొత్తానికి అతనొక్కడే దిక్కు. బుధవారం తెల్లవారి చేసినప్పుడు కూడా అదే మాట అన్నాడు. అంత పొడుగు తొవ్వ మా మండలంలో ఎక్కడుందో నాకు ఈనాటికీ తెలియదు.

పొద్దున్నే గుంపు వచ్చేసింది. పన్నెండు మందీ చీరలు ఎగదోపుకొని కింది మడుల్లోకి దిగారు. ట్రాక్టరాయన కూడా వచ్చాడు. పై మడులు చూసి, "నీళ్లు లేకుంట నేనేం దున్నాలె?" అని ఇంజను ఆపేసి, వేపచెట్టు నీడకు పోయి పండుకున్నాడు. అమ్మను గట్టు మీద కూర్చోమన్నారు, పట్టాదారువు కదా అని ఆటపట్టించారు. ఆమె వినకుండా బురదలోకి దిగి అందరికంటే ముందు నాటుతూ పోయింది. ఒక్క పాట లేదు, ఒక్క ముచ్చట లేదు. మధ్యాహ్నానికి కింది మూడు మడులు అయిపోయాయి. పై మడుల గట్టున నారు కట్టలు గుట్టగా మిగిలాయి. ఆడవాళ్లు నడుములు పట్టుకొని నిలబడి, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. ఇక ఇంటికి పోదామా అని ఎవరూ ముందు అనలేకపోతున్నారు.

అప్పుడు మా గట్టు పక్క బండ్ల బాటలో మెకానిక్కు మోటరుసైకిల్ కనిపించింది. వెనక సామాన్ల సంచి కట్టుకొని, మా దిక్కు తల తిప్పకుండా పోతున్నాడు.

అమ్మ రెండు చేతుల్లో రెండు నారు కట్టలు పట్టుకొని బురద కాళ్లతో బాట మీదికి ఎక్కి, వాటిని అడ్డంగా పెట్టి నిలబడింది. అది చూసి మిగతావాళ్లు తలా ఒక కట్ట తెచ్చి పెట్టారు. బాట మొత్తం పచ్చగా అయిపోయింది.

నాట్ల కాలంలో మడి పక్కన పోయే మగవాళ్లకు నారు అడ్డం పెట్టడం మా దిక్కు రివాజు. ఆ నారును దాటకూడదు, తొక్కకూడదు. ఏదో ఒక ఇనాం ఇస్తేనే తీస్తారు. పోలీసు జీపైనా సరే, ఆగాల్సిందే. మెకానిక్కు నవ్వుకుంటూ బండి ఆపి, జేబులోంచి వంద నోటు తీశాడు.

"పైసలు లోపట వెట్టుకో కొడుకా," అంది అమ్మ.

"మరేం గావాలె చిన్నమ్మా?"

"మా మోటరు చూడాలె."

"ఆడ మోటరు ఇప్పి వెట్టిన్రు, జనం నా కోసం నిలవడ్డరు. వచ్చేటప్పుడు ఆగుత. తొవ్వలనే గద."

"నిన్నటి సంది నువ్వు తొవ్వలనే ఉన్నవు. గీ తొవ్వ ఇంక ముందలికి పోదు."

అతను నారు కట్టల దిక్కు చూశాడు. అటు మడి, ఇటు ముళ్లకంప. బండి తిప్పుకోవడానికి కూడా జాగా లేదు. అమ్మ అతన్ని వదిలేసి గుంపు దిక్కు తిరిగింది.

"శుక్రారం ఎవరి నాటే?"

"మెకానిక్కుదే," అన్నారు వెనక నుంచి ఇద్దరు.

"ఏసేది ఎవరు?"

"మనమే."

మెకానిక్కు బండికి స్టాండు వేసి, సంచి భుజానికి తగిలించుకున్నాడు. పన్నెండు మంది వెనక నడుస్తుంటే పెళ్లికొడుకులా బోరు దగ్గరికి వచ్చాడు. మీట నొక్కి ధార చూశాడు. ఆపాడు. డబ్బా మూత తీసి, మెరిసిపోతున్న రాగి ముక్కలు చూశాడు.

"దీన్ని ఎవరన్న ఇప్పిన్రా?"

నాయిన మబ్బుల దిక్కు చూస్తున్నాడు.

"ఈ నడుమ ఎలుకలు బాగ తిరుగుతున్నయి," అన్నాడు చివరకు.

"ఎలుక ఇసుక కాగితం వట్టుకొని వచ్చిందా మామా?"

ఇక నా వల్ల కాలేదు. "నాయిన ఇప్పిండు, నేను మూత వట్టుకున్న," అన్నాను. నాయిన నన్ను చూసిన చూపు, సంతలో తనను అమ్మేసిన యజమానిని బర్రె చూసినట్టు ఉంది.

"బోరుకు ఏం గాలె," అన్నాడు మెకానిక్కు. "వైర్లు తారుమారైనయి. మోటరు ఉల్టా తిరుగుతాంది. ఉల్టా తిరిగితే నీళ్లు గింతనే వస్తయి." రెండు వైర్లు ఊడదీసి, ఒకదాని చోట ఇంకోటి బిగించాడు. నేను సూది వేసినంత సేపు కూడా పట్టలేదు. మీట నొక్కాడు. పైపు రెండుసార్లు దగ్గింది, నిండు ధారగా నీళ్లు దూకాయి.

ఆడవాళ్లు నవ్విన నవ్వు మోత్కూర్ దాకా వినిపించి ఉంటుంది. ఒకామె నవ్వలేక గట్టు మీద కూలబడింది. "మోటరు గూడ ఆయన లెక్కనే అయింది అక్కా, చెప్పినదానికి ఉల్టా," అంది ఇంకొకామె. ట్రాక్టరాయన లేచి ఇంజను స్టార్ట్ చేశాడు.

అమ్మ నవ్వలేదు. పైపు దగ్గర గొంతుక్కూర్చొని ఆ ధార కింద రెండు చేతులూ పెట్టింది. "ఎండలే. బోరు ఎండలే," అని రెండుసార్లు తనకు తానే చెప్పుకొని, నీళ్లతో మొహం కడుక్కుంది. ఏడుస్తోందని మాకందరికీ తెలుసు. తర్వాత లేచి నాయిన దిక్కు తిరిగింది.

"నిన్నటి సంది నేను కుములుతుంటే చూసుకుంట ఊకున్నవు. భూమి నన్ను వద్దన్నది అనుకున్న. ఇప్పిన అని ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది?"

"నేను గూడ ఎండిందనే అనుకున్న," అన్నాడు నాయిన. "నేను ముట్టినందుకే ఎండిందేమోనని భయమైంది."

అమ్మ తడి చెయ్యి కొంగుకు తుడుచుకొని, "పో, నారు కట్టలు అందియ్యి" అంది. ఆయన ఆ సాయంత్రం దాకా కట్టలు మోశాడు. బురద కుదురుకోవడానికి కొంత సమయం ఇస్తే మంచిదే, కానీ ఎవరికుంది సమయం. పొద్దు వాలేసరికి రెండు మడులూ అయిపోయాయి. చల్లారిన బగార అన్నం అందరూ గట్టు మీదే తిన్నారు. కోడికూరలో ఉప్పు తక్కువైందని పన్నెండు మందీ చెప్పారు.

మరుసటి రోజు నేను డ్యూటీకి వచ్చేశాను. శుక్రవారం పొద్దున వార్డులో ఉండగా, మెకానిక్కు నాటుకు పోయే ముందు అమ్మ ఫోన్ చేసింది.

"నారు ఒరిగిపోయింది బిడ్డా. పసుపుపచ్చగ అయింది. ఐదు మడులు గట్లనే ఉన్నయి."

వెనక నుంచి నాయిన గొంతు వినిపించింది, "జర నన్ను చూడనియ్యి" అంటూ. "నువ్వు ముట్టకు" అని అమ్మ ఆయన్ని అదిలించింది.

నాకు నవ్వు ఆగలేదు. "అమ్మా, నాటిన నారు నాలుగొద్దులు ఒరుగుతది, వేరు వట్టినంక లేస్తది. ముప్పై ఐదేండ్లు నాట్లేసినవు, నీకు నేను చెప్పాల్నా?"

"తెలుసు," అంది. "ఇన్నేండ్లు ఊరోళ్ల నారు ఒరిగితే, ఒరిగింది తియ్, లేస్తది అనుకుంట పోయిన. గిది నాది గద బిడ్డా. లేస్తదా?"

వార్డులో రోజూ ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకొని ఇదే అడుగుతారు. డాక్టరు చెప్తాడని తప్పించుకోవడం నాకు అలవాటు.

"లేస్తది అమ్మా," అన్నాను.