శ్యామలమ్మ చేతిలో చాబీ

నయీముద్దీన్‌ను మెచ్చుకునేవాళ్లు రెండు మాటలు చెప్పేవారు. పదమూడేళ్లలో సేటు బండికి ఒక్క గీత పడనివ్వలేదన్నది ఒకటి. మనిషి నిజాయితీపరుడన్నది రెండోది. మొదటి మాట 1986 మే నెల దాకా నిజమే. రెండోదాన్ని ఎవరూ పరీక్షించి చూడలేదు. డ్రైవరు, పేదవాడు, నమాజు తప్పనివాడు, మాట మెత్తన. ఇన్ని ఉన్నాక నిజాయితీ కూడా ఉండే ఉంటుందని మనమే కలిపేసుకుంటాం. అలా కలిపేసుకోవడం వల్ల రాజలింగు అనే మెకానిక్ పేరు పోయింది.

నయీముద్దీన్‌ది ఖిలా వరంగల్. తండ్రి స్టేషన్ దగ్గర టాంగా తోలేవాడు. కొడుకు గుర్రాన్ని వదిలి లారీ ఎక్కాడు. 1973లో రైసుమిల్లు సేటు వెంకట్రాజం తెల్ల ఫియట్ కొన్నప్పుడు లారీ దిగి దాంట్లో కూర్చున్నాడు. అప్పటికి ఇరవై నాలుగేళ్లు.

ఆ ఫియట్ నడపడం ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారు. గేరు కాడ స్టీరింగు పక్కన ఉండేది. చక్రం పెద్దది, సన్నటిది. తిప్పగానే బండి తిరిగేది కాదు, కాసేపు ఆలోచించుకుని తిరిగేది. అందుకని మలుపు కంటికి కనిపించగానే చేతులు పని మొదలుపెట్టాలి. వేగంగా తిప్పితే బండి ఓ పక్కకు ఒరిగేది. ఎంత ఒరిగితే చాలో, ఎక్కడ ఆపాలో నయీముద్దీన్ తొడకు తెలుసు. ఏ టైరులో గాలి తగ్గిందో అరికాలితో చెప్పేవాడు. ఇది గొప్పకు చెప్పుకున్నదేం కాదు. మెకానిక్ రాజలింగు మూడుసార్లు గాలి కొలిచి చూసి ఒప్పుకున్నాడు.

ఆ రోజుల్లో వరంగల్ డ్రైవర్లందరికీ ఒక అలవాటు ఉండేది. దిగుడు వస్తే బండిని న్యూట్రల్‌లో వేసి, ఇంజను కట్టేసి, జారవిడిచేవారు. పెట్రోలు మిగులుతుందని యజమానులు సంతోషపడేవారు. నయీముద్దీన్ దానికి తన సొంత ముచ్చట ఒకటి తగిలించాడు. కాజీపేట రైల్వే వంతెన మీది నుంచి హనుమకొండ వైపు దిగేటప్పుడు ఇంజను కట్టేసి, తాళంచెవి బయటికి గుంజి, వెనక్కి చూడకుండానే భుజం మీదుగా వెనుక సీటుకు అందించేవాడు.

"ఇగో అమ్మా, చాబీ మీ చేతుల, బండి నా చేతుల."

వెనుక కూర్చున్న శ్యామలమ్మ, అంటే వెంకట్రాజం భార్య, ప్రతిసారీ నవ్వేది. వంతెన దిగి చదును రాగానే చాబీ తిరిగి ఇచ్చేది. అతను పెట్టి తిప్పి, గేరు వేస్తే ఇంజను అందుకునేది. పదమూడేళ్లు ఇదే ఆట. ఆ బండి చాబీకి ఇంజనుతోనే పని, స్టీరింగుతో దానికి సంబంధం లేదు.

1986 జనవరిలో సేటు ఇంటికి కొత్త మోడల్ బండి వచ్చింది. చౌరస్తా దగ్గరి చాయ్ హోటల్ ముందు నయీముద్దీన్ దాన్ని ఆపగానే డ్రైవర్లంతా చుట్టూ చేరారు. టాక్సీ నడిపే నర్సింగం తల లోపలికి పెట్టి చూశాడు.

"గేర్ కింద పెట్టిండ్రేందే! ఇగ ముంగట సీట్ల ముగ్గురు కూసునుడు బంద్."

"ముంగట కూసునేటోళ్ల సంగతి ఇడిసిపెట్టు. నడుపుడు జెప్త ఇను" అన్నాడు నయీముద్దీన్. "గీ బండి ఎంత తిప్పితే గంతే తిరుగుతది. పాతది మలుపుల తిప్పాలంటే బతిమాలుకోవాలె. గిది బతిమాలనియ్యది. ఎనభై మీద పోతాంటె సుత రోడ్డును పట్టుకొనే ఉంటది. గేర్ టక్కున పడ్తది. ఒంగుడు లేదు, ఊగుడు లేదు."

"మరి నీ మొఖం గట్లెందుకు పెట్టినవ్?"

"ఏమో అన్నా. పాతది మాట్లాడ్తది. కొత్తది ఇంటది, గంతే. నా చేతికి తిరిగి ఏం చెప్పది."

"మీ ఇంట్లోళ్లు సుత గట్ల ఇంటే నీ పంట పండు గదనే" అన్నాడు నర్సింగం. అందరూ నవ్వారు. నవ్వు ఆగినాక అతనే ఇంకో మాట అన్నాడు. "గంత మంచిగ ఇంటే ఎవడైన నడుపుతడు. ఇగ నీ హునర్ ఎక్కడిదిరా నయీం?"

నయీముద్దీన్ చాయ్ సగం వదిలేసి లేచాడు. ఆ మాట నిజం కావడమే కష్టం. పదమూడేళ్లుగా తన చేతులు నేర్చుకున్న ఆ హునర్ అంతా పాత బండి అలవాట్ల చుట్టూ అల్లుకున్న విద్య. ఆ అలవాట్లు లేని బండి వచ్చాక ఆ విద్యకు పని లేదు. మనిషి ఎదిగాడని మనం పొగిడే సందర్భాల్లో సగం, అతనికి కొత్త పనిముట్టు దొరికిందని మాత్రమే అర్థం.

మొదటి సర్వీసుకు హంటర్ రోడ్డులోని రాజలింగు షెడ్డుకు తీసుకెళ్లాడు. రేకుల షెడ్డు, ఒక్కడే పని చేసుకునేవాడు. వయసులో నయీముద్దీన్ కంటే ఆరేళ్లు పెద్ద. రాజలింగు చాబీ పెట్టి, తీసి, చక్రం తిప్పి చూశాడు.

"నయీం భాయ్, గిది చూసినవా? చాబీ తిప్పితే ఇంజన్ ఒక్కటే బంద్ అయితది. బయటికి గుంజినవనుకో, స్టీరింగ్‌కు తాళం పడిపోతది. దొంగలకని పెట్టిండ్రు. నడిచే బండ్ల మాత్రం గుంజకు."

"నాకు చెప్తానవా రాజలింగన్నా?"

"నీకే చెప్తాన. నీ ఆట నాకెర్కలేదా?"

నయీముద్దీన్ విన్నాడు. నాలుగు నెలలు జాగ్రత్తగానే ఉన్నాడు. దిగుట్లో ఇంజను కట్టేసినా చాబీని దాని చోటే ఉంచేవాడు. కాబట్టి తెలియక చేశాడని అనడానికి వీల్లేదు.

మే నెలలో ఒకరోజు పొద్దున రాజలింగు షెడ్డులో బండికి గ్రీజు పెట్టించాడు. స్టీరింగు కింది బోల్టులు కూడా రాజలింగు విప్పి, చూసి, బిగించాడు. పది దాటాక శ్యామలమ్మ చెల్లెల్ని కాజీపేటలో రైలెక్కించి, తిరిగి వస్తున్నారు. వంతెన మీదికి ఎక్కగానే శ్యామలమ్మ అంది:

"ఏం నయీం, కొత్త బండి వచ్చినకాంచి చాబీ ఇచ్చుడు మరిసినవ్. గిది నీ మాట ఇంటలేదా ఏంది?"

ఎగతాళికే అంది. నర్సింగం మాట నాలుగు నెలలుగా లోపల మానకుండా ఉన్న మనిషికి అది ఎగతాళిగా తగల్లేదు. న్యూట్రల్ వేశాడు. చాబీ తిప్పాడు, గుంజాడు, భుజం మీదుగా అందించాడు. తల ఏం చెబుతుందో చెయ్యి అడగలేదు.

"ఇగో అమ్మా, చాబీ మీ చేతుల, బండి నా..."

వంతెన కింద రోడ్డు ఎడమకు తిరుగుతుంది. చక్రం కొద్దిగా కదిలి టక్కుమంది. తర్వాత తిరగలేదు. బ్రేకు మీద నిలబడ్డాడు. దూరం చాలలేదు. బండి తిన్నగా రోడ్డు దిగి, షాబాద్ బండలు అమ్మే దుకాణం ముందర నిలబెట్టిన బండల్లోకి దూసుకుపోయింది. ముందు భాగం నలిగింది. శ్యామలమ్మ ముందు సీటుకు గుద్దుకుని, కుడి చెయ్యి మోచేతి దగ్గర విరిగింది. నయీముద్దీన్‌కు దెబ్బే తగల్లేదు. అది అతనికి ఎన్నాళ్లో మింగుడుపడలేదు.

ఎవరో మిల్లుకు ఫోన్ చేశారు. వెంకట్రాజం జీపులో వస్తూ, దారిలో రాజలింగును ఎక్కించుకొచ్చాడు. శ్యామలమ్మ దుకాణం అరుగు మీద, విరిగిన చేతిని కొంగుతో కట్టుకుని కూర్చుని ఉంది. రాజలింగు బండి కిందికి వంగి చూశాడు. లేచి, కిటికీలోంచి చెయ్యి పెట్టి చక్రం కదిపాడు. కదల్లేదు. స్టీరింగు పక్కన చాబీ ఉండాల్సిన చోటు చూశాడు.

"చాబీ ఏది?"

శ్యామలమ్మ ఎడమ పిడికిలి విప్పింది. అంతసేపూ గట్టిగా పట్టుకున్నట్టుంది, అరచేతిలో చాబీ పళ్ల అచ్చు పడింది. దానర్థం ఆమెకు తెలియదు. వెంకట్రాజానికీ తెలియదు. తెలిసినవాళ్లు ఇద్దరే. రాజలింగు రెండోవాడి ముఖంలోకి చూశాడు.

"నయీం భాయ్, ఏమైందో సేటుకు నువ్వే చెప్పు."

అవకాశం ఇచ్చాడు. తనే చెప్పేసి ఉంటే నయీముద్దీన్ నౌకరీ ఆ నిమిషంలోనే పోయేది. అందుకని అతని నోటికే వదిలాడు. నయీముద్దీన్ నోరు తెరిచి ఇలా అన్నాడు:

"స్టీరింగ్ పట్టేసింది సేట్. తిరగలే. పొద్దున రాజలింగన్ననే బోల్ట్‌లు ఇప్పిండు."

ఇందులో ఒక్క మాట అబద్ధం లేదు. స్టీరింగు పట్టేసింది, తిరగలేదు, పొద్దున బోల్టులు విప్పింది రాజలింగే. నిజాలనే వరుసగా పేర్చి మనిషిని ముంచవచ్చునని కోర్టుల్లో తెలిసినవాళ్లుంటారు. చదువు లేని డ్రైవరుకు ఆ విద్య అంత తొందరగా ఎలా వచ్చిందో! భయం నేర్పుతుంది కాబోలు.

వెంకట్రాజం రాజలింగు కాలర్ పట్టుకున్నాడు. "నా ఇంటి మనిషిని సంపుదువు గదరా!"

రాజలింగు చాబీ మాట ఎత్తలేదు. కాలర్ విడిపించుకుని, చేతులు గుడ్డకు తుడుచుకుని, హనుమకొండ వైపు నడిచి వెళ్లిపోయాడు. బస్సు కూడా ఎక్కలేదు.

ఆ తర్వాతి ఎనిమిది రోజులూ నయీముద్దీన్‌కు మెప్పులే. బ్రేకు మీద నిలబడి అమ్మగారి ప్రాణం కాపాడాడట. వెంకట్రాజం నలుగురిలో అదే చెప్పాడు. శ్యామలమ్మ పిండికట్టు చేతితో, "ఫికర్ జెయ్యకు నయీం, నీ తప్పేమున్నది" అంది. చాయ్ హోటల్లో నర్సింగం తన బెంచీ మీద చోటిచ్చాడు.

"స్టీరింగ్ బోల్ట్‌లు బిగియ్యరానోనికి బండి ఎవడిస్తడే? నేనైతె నిన్ననే నా గాడి వేరే షెడ్డుకు తోలిన. నువ్వు జెప్పు నయీం, తప్పా?"

నయీముద్దీన్ తల ఊపాడు. అవునని ఊపాడో కాదని ఊపాడో ఎవరికీ పట్టలేదు. వాళ్లకు కావలసిన వైపే ఊపాడనుకున్నారు. ఆ పూట హంటర్ రోడ్డు మీదుగా పోతూ చూస్తే రాజలింగు షెడ్డు ముందర ఒక్క బండి లేదు. రాజలింగు స్టూలు మీద కూర్చుని, శుభ్రంగా ఉన్న పానాలనే మళ్లీ తుడుస్తున్నాడు. నయీముద్దీన్ ముఖం తిప్పుకుని, సైకిల్‌ను ఎదురు పక్కకు మళ్లించాడు. తర్వాతెప్పుడో ఈ సంగతి చెబుతూ, యాక్సిడెంట్ కంటే ఆ సైకిల్ మళ్లింపుకే ఎక్కువ సిగ్గుపడ్డానన్నాడు.

ఇంట్లో భార్య ఫాతిమా బేగం అడిగింది. "అందరు నిన్ను షాబాష్ అంటాన్రు. నువ్వేమో తింటలేవు, పంటలేవు. ఏంది కథ?"

చెప్పాడు. ఆమె మొత్తం విని అడిగింది:

"రాజలింగన్నకు చెప్పినవా?"

"ఆయనకు ఎర్కే."

"మరి తెలువనోళ్లకు చెప్పు."

మరునాడు మిల్లులో వెంకట్రాజం ముందు నిలబడి మొత్తం చెప్పాడు. చాబీ, ఆట, నాలుగు నెలల కిందటి రాజలింగు హెచ్చరిక, అన్నీ. నౌకరీ పోతుందని సిద్ధపడే వెళ్లాడు. వెంకట్రాజం విని, కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అయిపోయిందేదో అయిపోయింది. ఇంకెవలకు చెప్పకు."

"రాజలింగన్న పేరు..."

"అరే, నేను నలుగుట్ల కాలర్ పట్టుకుంటిని. ఇప్పుడు పోయి మాఫీ అడుగాల్నా? పో, పని చూసుకో."

ఒప్పుకుంటే గుండె బరువు దిగుతుందని పెద్దలు అంటుంటారు. అనేవాళ్లు ఎప్పుడైనా ఒప్పుకుని చూశారో లేదో తెలియదు. నయీముద్దీన్‌కు బరువు దిగలేదు, పెరిగింది. ఇప్పుడు సేటు అబద్ధాన్ని కూడా అతనే మోయాలి.

బండి బాగై వచ్చేసరికి జూన్ నడుస్తోంది. ఒక పొద్దున, డ్రైవర్లంతా చాయ్‌కి చేరే వేళ, దాన్ని చౌరస్తాలో హోటల్ ముందు ఆపాడు. చాబీ గుంజి, దిగి, తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"నర్సింగన్నా, కూసో. చక్రం తిప్పు."

నర్సింగం కూర్చుని తిప్పాడు. టక్కుమని బిగుసుకుంది.

"మళ్ల పట్టేసిందా ఏందే!"

"పట్టెయ్యలే. చాబీ గుంజితె గట్లనే అయితది. ఆ దినం సుత నేనే గుంజిన. నడిచే బండ్ల గుంజి, అమ్మ చేతికిచ్చిన. రాజలింగన్న గుంజద్దని ముందే చెప్పిండు. బోల్ట్‌లు మంచిగనే ఉండె."

ఒకడు కిసుక్కున నవ్వాడు, ఆ వెనుక అందరూ నవ్వారు. ఒకరి తర్వాత ఒకరు కూర్చుని చక్రం తిప్పి చూశారు. నర్సింగం మాత్రం నవ్వలేదు.

"నేను నా గాడి ఆయన కాడికెల్లి తీస్తి గదరా నీ మాట మీద" అన్నాడు. "గంత హునర్ ఉన్నోడివి, గింత మాటకు నోరు రాలేదా?"

కబురు సాయంత్రానికి మిల్లుకు చేరింది. వెంకట్రాజం నాలుగు రోజులు నయీముద్దీన్‌తో మాట్లాడలేదు. తీసేస్తే నలుగురూ కారణం అడుగుతారు కనుక తీసెయ్యలేదు. రాజలింగు షెడ్డుకు కొన్ని బండ్లు తిరిగి వచ్చాయి. నర్సింగం టాక్సీ మొదట వచ్చింది. అన్నీ రాలేదు. చెడ్డ మాట మోటారు మీద పోతుంది, దాన్ని సరిదిద్దే మాట నయీముద్దీన్ సైకిల్ మీద తిరిగింది.

ఆగస్టులో క్లచ్ పని పడింది. వెంకట్రాజం ఎక్కడికి తీసుకెళ్లాలో చెప్పలేదు. నయీముద్దీన్ హంటర్ రోడ్డుకే తీసుకెళ్లాడు. షెడ్డు ముందు ఆపి, దిగి నిలబడ్డాడు. సలామ్ చేద్దామని లేచిన చెయ్యి సగంలో ఆగింది.

రాజలింగు పానా కింద పెట్టి వచ్చాడు. బండి ముందు భాగం మీద, కొత్తగా రంగు వేసిన చోట చెయ్యి ఆనించి చూశాడు. రంగు తేడా తెలుస్తూనే ఉంది.

"రాజలింగన్నా" అన్నాడు నయీముద్దీన్, "ఆ దినం నేను..."

"ఇన్న. చౌరస్తల చెప్పినవట." రాజలింగు చెయ్యి చాపాడు. "పని అయ్యేదాంక ఈడనే నిలబడు. నేను ఏ బోల్ట్ ఇప్పిన్నో, ఏది బిగిచ్చిన్నో నీ కండ్లతోటి చూసి పో. చాబీ ఇటియ్యి."

నయీముద్దీన్ చాబీని ఆ నల్లటి అరచేతిలో పెట్టాడు. పదమూడేళ్లుగా 'నయీం భాయ్' తప్ప మరోలా పిలవని మనిషి పిడికిలి మూసి, బండి వైపు తిరుగుతూ అన్నాడు:

"జర పక్కకు జరుగు, డ్రైవర్ సాబ్."