తక్కెడ కింద చింతపండు

మొన్న ఆదివారం కర్నూలులో నా సభకు వచ్చినంత జనం మీలో ఎవరి సభకూ వచ్చుండరు. సభ పదకొండింటికైతే, పొద్దున్నే వీధి మలుపు దాకా ఆడవాళ్ళు బారులు తీరారు. ఎందుకొచ్చారని మాత్రం అడక్కండి. అడిగారా? సరే, ఇంకో కప్పు టీ పోయండి, చెప్తాను.

నాకు పాత కార్టూన్ల పిచ్చి ఉందని మీకు తెలుసు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో తిండిగింజలకు రేషన్ పెట్టినప్పుడు పత్రికల్లో వచ్చిన బొమ్మలు ఏళ్ళ తరబడి పోగుచేశాను. భలే ఉంటాయిలెండి. ఒకదాంట్లో చక్కెర పలుకును దారానికి కట్టి వేలాడదీస్తారు, ఇంటిల్లిపాదీ దాన్ని చూస్తూ చప్పటి కాఫీ తాగాలి. ఇంకోదాంట్లో చుట్టాలొస్తే ఇల్లాలు బియ్యం మూట మీద దుప్పటి పరిచి దాని మీదే కూర్చుంటుంది, లేవమంటే మోకాళ్ళ నొప్పులంటుంది. ముందు నవ్వొస్తుంది. తర్వాత కోపమొస్తుంది. వెక్కిరింతంతా ఆడదానికే! దాచిపెట్టేది ఆమె, క్యూలో జుట్లు పట్టుకునేది ఆమె. తూకంలో కొట్టేసే అంగడాయన మాత్రం నా దగ్గరున్న ఒక్క బొమ్మలోనూ లేడు.

దీనిమీద ఘాటుగా ఒక వ్యాసం రాశాను. అందులో నాకే బాగా నచ్చిన వాక్యం ఇది: 'తక్కెడ వెనక నిలబడిన మనిషిని చూసి నవ్వే ధైర్యం ఏ కుంచెకూ లేకపోయింది.'

కడపలో మా పత్రిక నడిపే సుశీలక్క వ్యాసం చదివి, "బొమ్మలతో ప్రదర్శన పెట్టుమ్మే, నేనొచ్చి చూస్తా. జనం వస్తే ప్రత్యేక సంచికే వేద్దాం. రాకపోతే లోపలి పేజీల్లో యాడో సర్దుతా" అంది.

లోపలి పేజీలా? నన్నా?

ప్రదర్శనకూ, దాంతోపాటు నా ఉపన్యాసానికీ వన్‌టౌన్‌లో మా మహిళా సంఘం గది తీసుకున్నాం. నా స్నేహితురాలు ముంతాజ్, డ్రాయింగ్ టీచర్, బొమ్మలన్నీ పెద్ద చార్టుల మీదికి దించింది. జనాన్ని లాగాలంటే ఇది చాలదనిపించి, గుమ్మంలో యుద్ధకాలం నాటి రేషన్ అంగడి నమూనా పెడదామన్నాను. ముంతాజ్ బియ్యం చాలంది. "మా అవ్వ క్యూలో నిలబడింది బియ్యానికి కాదు, జొన్నలకు. చరిత్ర చరిత్ర మాదిరే ఉండాల" అని రెండు మూటల జొన్నలు తెప్పించాను. పాత ఇనుప సామాన్ల అంగట్లో తక్కెడ కూడా దొరికింది. అంగడాయన మోసం కళ్ళకు కట్టాలి కదా! గింజలు పోసే పళ్ళెం అడుగున చింతపండు ముద్ద నా చేతుల్తో నేనే అతికించాను.

ఇక బోర్డు. 'రేషన్ అంగడి. మనిషికి ఒక సేరు జొన్నలు. ఆడవాళ్ళు వరసలో రావలెను.' శనివారం సాయంత్రమే వీధిలోకి కనపడేలా తగిలించాం.

"అక్కా, కింద ప్రదర్శన అని చిన్నగా రాస్తా" అంది ముంతాజ్.

"వద్దు! కళకు వివరణ ఇవ్వకూడదు."

ఆదివారం ఆటో దిగేసరికి ఆ బారు! నా గుండె పొంగింది. గబగబా ఫోటో తీసి సుశీలక్కకు పంపాను: 'అక్కా, కార్టూన్ల కోసం కర్నూలు కదిలింది!' బస్సులోంచే ఫోన్ చేసింది. "ఏమ్మే, నిజమా? అయితే ప్రత్యేక సంచిక ఖాయం!"

నమస్కారాలు పెడుతూ బారు పక్కనే నడిచాను. అందరి చేతుల్లోనూ సంచులున్నాయి. పుస్తకాలు కూడా కొనుక్కుపోతారు కాబోలు, ఎంత చైతన్యం అనుకున్నాను! గుమ్మం దగ్గర ఒకామె నా చెయ్యి పట్టి ఆపింది. పేరు ఈరమ్మ. కోసిగి నుంచి పనులకొచ్చి ఆ వెనక వీధిలోనే ఉంటోందట.

"యాడికి దూరుతాండావు? మేము తెల్లారకముందు నుంచీ నిలబడుకోనుండాం. వరసలో రా!"

"అమ్మా, ఇక్కడ మాట్లాడేది నేనే."

"మాట్లాడేదేముండాది? తూకమెయ్యి."

అప్పుడు అర్థమైంది. కర్నూలు కదిలింది నిజమే, జొన్నల కోసం.

అయినా నేను తగ్గలేదు. మెట్టెక్కి గొంతు సవరించుకున్నాను. ఇది నిజమైన అంగడి కాదని, ఆ కాలంలో ఆడవాళ్ళు ఇట్లాగే నిలబడి అవమానాలు పడ్డారని, మీరు వాళ్ళ వారసులని చెప్పాను. బాగా చెప్పాను కూడా.

ఈరమ్మ అంతా విని, "వాళ్ళకు జొన్నలిచ్చినారా లేదా?" అంది.

"ఇచ్చారు."

"మరి మాకేంటికియ్యవు?"

నా ఉపన్యాసం కాగితాలు గబగబా తిరగేశాను.

"స్టోరు బియ్యమైతే వస్తామా ఇంత పొద్దున? రొట్టె తిని శానా దినాలాయ. జొన్నలని రాసినావు, వచ్చినాం" అని వెనకనుంచి ఇంకొకామె. బారంతా ముందుకు జరిగింది. అవతల సుశీలక్క బస్సు దిగే వేళయింది. రెండు మూటలే కదా, పంచేద్దామనుకున్నాను. పంపిణీనే ప్రదర్శన! చీర కొంగు దోపుకుని తక్కెడ వెనక నిలబడ్డాను.

"అక్కా, ఒక్క నిమిషం, ఆ తక్కెడ..." అంది ముంతాజ్.

"నువ్వు బారు చూసుకో!"

నలుగురికి పోశాను. ఈరమ్మ మాత్రం సంచి చేత్తో ఎత్తి చూసుకుని, తిరిగొచ్చి, పళ్ళెం పట్టుకుని బోర్లించింది. చింతపండు ముద్ద, నా వేలిముద్రలతో సహా, నిగనిగలాడుతోంది!

"సూడండమ్మే! సదువుకున్న తల్లి, కళ్ళద్దాలు పెట్టుకోని, ఎట్లా కొడతాందో సూడండి!"

"అది మోసం కాదమ్మా, మోసం ఎట్లా చేస్తారో చూపించడానికి..." అంటూ ముద్ద పీకాను.

"సూపిస్తాండావుగా!"

వీధి గొల్లుమంది. సరిగ్గా అప్పుడే ఆటో దిగింది సుశీలక్క. ఆమెకు కనపడిన దృశ్యం: ఒక చేతిలో తక్కెడ, ఇంకో చేతిలో చింతపండు, నేను. నవ్వి నవ్వి ఆటో కమ్మీ పట్టుకుంది.

చింతపండు అవతల పారేసి మొదటి నలుగురికీ మళ్ళీ పోశాను. మిగతావాళ్ళకు ఈరమ్మ ముందు నిలబడి తూకం చూస్తుంటే నిండా నిండా పోశాను. మూటలు అయిపోయాయి, చివర మిగిలినవాళ్ళు నన్ను తిట్టుకుంటూ నీడ కోసం లోపలికొచ్చారు. అట్లా నా ప్రదర్శనకు జనం వచ్చారు! చక్కెర పలుకు బొమ్మ చూసి పడిపడి నవ్వారు. జుట్లు పట్టుకునే బొమ్మ ముందు ఈరమ్మ ఆగి, "ఈమె మా ఆడబిడ్డ మాదిరే ఉండాది" అంది. గోడంతా ఒకసారి చూసి, "అందరూ క్యూలోవాళ్ళే. తూకమేసేటోళ్ళ బొమ్మ యాడ?"

అదే కదా నా ప్రశ్న! వ్యాసంలో నేనడిగిందే! పొంగిపోయి ఉపన్యాసం మొదలుపెట్టబోయాను. ఆలోపే ముంతాజ్ ఒక చార్టు తిరగేసి బొగ్గు తీసుకుంది. ఐదు నిమిషాల్లో బొమ్మ గోడెక్కింది. ముక్కు చివర కళ్ళద్దాలు, దోపిన కొంగు, ఒక చంకలో ఉపన్యాసం కాగితాలు, తక్కెడ కింద గుమ్మడికాయంత చింతపండు. ఆ రోజు అన్నింటికంటే ఎక్కువ నవ్వించిన బొమ్మ అదే.

ప్రత్యేక సంచిక వస్తోంది. ముఖచిత్రం ఆ బొమ్మే. ముక్కు మరీ అంత పొడవు లేదని ఫోన్ చేస్తే సుశీలక్క, "ముక్కు సంగతి ముంతాజ్‌ను అడుక్కో. నువ్వు మాత్రం వ్యాసంలో ఆ తక్కెడ వాక్యం కొట్టేయాల. ఇప్పుడది అబద్ధం" అంది.

కొట్టేశాను. నా చేత్తోనే.