కుప్పలు కలిపితే ఉప్పొస్తాదా

లాప్‌టాప్ ఫ్యాను ఉన్నట్టుండి గుయ్‌మని తిరిగితే చాలు, నాకు గౌరక్క గుర్తొస్తుంది. శ్రీకాకుళంలో నా మొదటి ఉద్యోగంలో ఆవిడే మా టీమ్ లీడర్. శ్రీకూర్మం అవతల, సముద్రం మీద చేపల వేటకు వెళ్ళేవాళ్ళ ఇంట్లో పుట్టింది. తుపాను ముందు ఏ పడవలు తిరిగొచ్చాయో ఊళ్ళకు తెలిపే ప్రోగ్రాం మాది. ఒడ్డు చేరినవాళ్ళు పడవ నంబర్లు కొట్టి, చివర ‘ఒడ్డు’ అని మెసేజ్ పెట్టాలి. ఆ వరుసను గుర్తుపట్టే చిన్న గుర్తుల సూత్రం, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు, రాసింది నేనే. అరలైనులో అంత పని జరుగుతుందని కాస్త గర్వం కూడానూ.

ఓ మధ్యాహ్నం తుపాను కబురొచ్చింది. కాసేపటికే ప్రోగ్రాం బిగుసుకుపోయింది, లాప్‌టాప్ ఫ్యాను గుయ్‌మని తిరగసాగింది. ఎవరో తడి వేళ్ళతో కాబోలు, తమవాళ్ళ పడవ నంబర్లన్నీ ఖాళీ లేకుండా ఒకే గొలుసుగా కొట్టారు. చివర ‘ఒడ్డు’ లేదు. దాని వెనక అందరి మెసేజ్‌లూ ఆగిపోయాయి. ఊళ్ళలో ఆడవాళ్ళు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. గౌరక్క తమ్ముడు కూడా వేటలోనే ఉన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

గౌరక్క కుర్చీ లాక్కుంది. “ఏటి సేస్తన్నాదే ఇది?”

“అంకెలన్నీ పట్టేసిందక్కా. ‘ఒడ్డు’ దొరక్క ఒక్కో అంకె వెనక్కిచ్చి, ఇంకోలా విడగొట్టి చూస్తోంది. బ్యాక్‌ట్రాకింగ్. అన్ని రకాలూ అయ్యేదాకా వదలదు.”

“మా రేవులో సేపల వాటాలేస్తే, ఆఖరోడికి తగ్గితే ముందోడి కుప్పలోంచి తీస్తారు. ఆడికి కావల్సింది సేపైతే సరే. ఉప్పైతే? కుప్పలు ఎన్నిసార్లు కలిపినా ఉప్పొస్తాదేటి? పట్టింది వదలొద్దని సెప్పు దానికి.”

అంకెలు పట్టే చోట, ‘ఎన్ని ఉంటే అన్నీ పట్టు’ అని చెప్పే ప్లస్ గుర్తు పక్కన ఇంకో ప్లస్ పెట్టించింది. దాన్ని పొసెసివ్ క్వాంటిఫయర్ అంటారు. అది పట్టినదాన్ని వెనక్కివ్వదు. తరవాతది కుదరకపోతే అక్కడికక్కడే కాదనేస్తుంది. మురిసిపోయి అన్ని చోట్లా పెట్టబోయాను.

“ఆగవే! ఎనకున్నోడికీ సేపే, అంటే అంకే, కావాల్సిన సోట పెడితే, ఆడి నోట్లో మట్టే. మంచి మెసేజూ పోతాది.”

ఫ్యాను సద్దుమణిగింది. ఆగిన మెసేజ్‌లన్నీ ఊళ్ళకు వెళ్ళిపోయాయి. కుదరని ఆ ఒక్కటీ పక్కకొచ్చింది. అప్పుడు గౌరక్క ఆ మెసేజ్ వచ్చిన నంబరుకు ఫోన్ చేసింది.

“వచ్చీసినామక్కా! ఫోను ఆరిపోతాదని ఆ మాట కొట్టలేదు!” అవతలి గొంతు నాకూ వినిపించింది. అది ఆవిడ తమ్ముడిది.

అది తమ్ముడి మెసేజేనని నంబరు చూసి ఆవిడకు మొదటే తెలుసు. తెలిసీ ముందు మిగతావాళ్ళ దారి తెరిచింది. ఫోన్ పెట్టేసి పమిటతో మొహం తుడుచుకుంటుంటే నాకు ఆవిడ మీద ప్రేమ పొంగుకొచ్చింది.

ఇప్పుడు నా దగ్గరా కొత్తవాళ్ళు పని నేర్చుకుంటున్నారు. ఎవరైనా ఒకేచోట చిక్కుకుని మళ్ళీ మళ్ళీ అదే కలుపుతుంటే, కుర్చీ లాక్కుని కూర్చుంటాను. “ఇందులోంచి ఉప్పొస్తాదేటి?” అంటాను. రాదని తేలిపోతే, వెళ్ళి మనిషినే అడగమంటాను.