ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెడితే తగ్గే మోత

2022 వేసవి. చిలకలూరిపేటలో బస్టాండు వెనక సందులో నా ల్యాప్‌టాప్ రిపేరు షాపు. అప్పటికి ఆ పనిలో పదకొండేళ్లు గడిచాయి. జిన్నింగ్ మిల్లుల గుమాస్తాల కంప్యూటర్లు, కాలేజీ పిల్లల ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా వచ్చేవి. కీబోర్డుల్లో దూది నుసి, ఫ్యాన్లలో మిరప దుమ్ము దులపడమే సగం పని.

ఒకరోజు సుజాత గారు వచ్చారు. నలభై దాటిన మనిషి. అంతకుముందు ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేవారట. స్కూలు మూతపడ్డాక, చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చేసే పని ఒక సంస్థ ఇచ్చింది. పదో తరగతి పుస్తకం మొత్తం చదవాలి. పంపిన మొదటి నాలుగు పాఠాలూ తిరిగొచ్చాయి.

"వెనక గుయ్‌మని మోత వస్తందంటండి. పిల్లలు చెవుల్లో పెట్టుకుని వినేది కదా, తలనొప్పి వస్తదని వెనక్కి పంపారు. ఈసారి కూడా అట్లాగే వస్తే పని వేరేవాళ్లకి ఇస్తామన్నారు," అన్నారు.

ల్యాప్‌టాప్ షాపులో ప్లగ్ పెట్టి, ఆవిడ మైకుతోనే రెండు నిమిషాలు చదివించాను. శబ్దం శుభ్రంగా ఉంది. మోత లేదు. అడాప్టర్ కూడా బాగానే ఉంది. బ్యాటరీ మాత్రం పాడయింది, ప్లగ్ తీస్తే పది నిమిషాలకు మించి నిలవదు. అది మోతకు కారణం కాదు. "మెషీన్‌లో ఏం లేదండి," అని చెప్పి పంపించాను.

రెండు రోజులకు ఫోను చేశారు. ఇంట్లో మళ్లీ అదే మోత.

"ఒకటి కనిపెట్టానండి. ల్యాప్‌టాప్ మూత మీద ఎడమ చెయ్యి ఆనిస్తే మోత తగ్గిపోతంది. తీస్తే మళ్లీ మొదలు."

ఆ సమయంలో నా బల్ల మీద మూడు మెషీన్లు విప్పి ఉన్నాయి. ఆ మాట విని నేను నవ్వాను. "అయితే చెయ్యి ఆనించి చదివెయ్యండి, ఏం కాదు," అన్నాను. ఆవిడ అలాగే చేశారు. చెప్పులు విప్పి గచ్చు మీద కాళ్లు ఆనిస్తే ఇంకా బాగా తగ్గుతోందని కూడా ఆవిడే కనిపెట్టి, ఆరు పాఠాలు అలా చదివారు.

పది రోజుల తర్వాత మళ్లీ ఫోను. "ఇప్పుడు చెయ్యి పెడితే చురుక్కుమంటందండి. ఒక్కోసారి మోచేతి దాకా లాగుతంది."

ఆ మాటకు నవ్వు రాలేదు. "ప్లగ్ తీసెయ్యండి. నేను వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దు," అని చెప్పి మల్టీమీటర్, ఇంకో అడాప్టర్ సంచిలో వేసుకుని బయల్దేరాను.

ఇల్లు ఊరి చివర. నేలమీద చాప, చాప మీద చిన్న బల్ల, బల్ల మీద ల్యాప్‌టాప్. ముందు ప్లగ్ లేకుండా బ్యాటరీ మీద నడిపి విన్నాను. మోత లేదు. ప్లగ్ పెట్టాను, వచ్చింది. నేను తెచ్చిన అడాప్టర్‌తోనూ వచ్చింది. అంటే లోపం ల్యాప్‌టాప్‌లో లేదు, అడాప్టర్‌లో లేదు. మిగిలింది గోడ.

మూడు పిన్నుల ప్లగ్‌లో పైన లావుగా ఉండేది ఎర్త్ పిన్ను. ఎక్కడైనా కరెంటు లీకైతే మనిషి ఒంట్లోంచి కాకుండా ఆ తీగ ద్వారా భూమిలోకి పోవాలని దాన్ని పెడతారు. అడాప్టర్ నుంచి సహజంగా వచ్చే కొద్దిపాటి లీకేజీ కూడా దాని ద్వారానే పోతుంది. దారి లేకపోతే అది ల్యాప్‌టాప్ లోహపు మూత మీద నిలిచి, మైకులో మోతగా వినిపిస్తుంది. ఎర్త్‌కూ, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగకూ మధ్య మీటరు పెడితే ఒకటి రెండు వోల్టులు చూపాలి. ఇక్కడ వంద దాటి చూపించింది. ఆ ఇంటికి ఎర్త్ లేదు. భూమికి దారి సుజాత గారి చెయ్యీ, కాళ్లూ.

అంతవరకైతే జివ్వుమనడమే తప్ప ప్రాణానికి ముప్పు తక్కువ. మోచేతి దాకా లాగడానికి ఇంకేదో ఉండాలి. "చురుక్కుమనేది ఏ టైములోనండి?" అని అడిగాను.

"మధ్యాహ్నం పూట. అత్తయ్య పిండి రుబ్బేటప్పుడు ఆ చప్పుడుకి రికార్డు ఆపేసి, చదివినవి సరిచూసుకుంటా. అప్పుడే."

వంటింట్లోకి వెళ్లాను. వాళ్ల అత్తగారు వెంకాయమ్మ గారు గ్రైండర్ పక్కన చెక్కపీట మీద నిలబడి, రుబ్బడానికి పప్పు పోస్తున్నారు.

"పీట ఎందుకండీ?" అన్నాను.

"కింద నిలబడితే జిల్లుమంటది అబ్బాయ్. ఎప్పట్నించో అంతే. పీటెక్కితే ఏం అనదు."

"ఈ సంగతి ఇంట్లో చెప్పారా?"

"దీనికి కూడా చెప్పేదేముంది?"

పీట దిగకుండా గ్రైండర్ స్విచ్ వెయ్యమని ఆవిడకు చెప్పి, ముందు గదిలో ల్యాప్‌టాప్ దగ్గర పెట్టిన మీటరు చూశాను. అంకె రెండు వందలు దాటింది. వెంటనే ఆపించి మెయిన్ స్విచ్ కట్టేశాను.

తెలిసిన ఎలక్ట్రీషియన్ మస్తాన్‌ని పిలిచాను. గంటలో దొరికింది అసలు సంగతి. అంతకుముందు ఏడాది పెరట్లో బాత్‌రూము కట్టినప్పుడు, ఎర్త్ గోతికి వెళ్లే తీగ పునాదికి అడ్డమని తెంపేశారు. కొస మీద సిమెంటు పూశారు. ఇంట్లో ప్లగ్గుల ఎర్త్ పిన్నులన్నీ ఒకదానికొకటి కలిసే ఉన్నాయి గానీ, భూమికి మాత్రం చేరడం లేదు. నీళ్లు దిగి గ్రైండర్ మోటారు లోపల తడిసింది. దాని లీకేజీ ఆ కలిసిన ఎర్త్ తీగల మీదుగా ముందు గదిలోని ల్యాప్‌టాప్ మూతకు వస్తోంది. మోటారు పూర్తిగా పాడైన రోజున లైను కరెంటు మొత్తం అక్కడికే వచ్చేది. సుజాత గారి చెయ్యి అక్కడే ఉండేది.

మస్తాన్ ఇదంతా విడమరిచి చెబుతుంటే వెంకాయమ్మ గారు కోడలి చెయ్యి పట్టుకుని అరచేయి తిప్పి చూశారు.

సుజాత గారు నా వైపు తిరిగారు. "చెయ్యి ఆనించి చదవమని మీరే కదండీ అన్నారు?" గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు.

"నేనేనండి. తప్పు చెప్పాను," అన్నాను. ఇంకేం చెప్పినా సర్దిచెప్పుకోవడమే అవుతుందనిపించింది.

మర్నాడు పెరట్లో కొత్త గొయ్యి తీసి, ఉప్పూ బొగ్గూ పోసి పైపు పాతారు. గ్రైండర్ మోటారు మార్చారు. మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ బిగించారు. లీకేజీ కనబడగానే కరెంటు దానంతటదే కట్టేసే స్విచ్ అది. తర్వాత మీటరు పెడితే ఒక వోల్టు కూడా లేదు. సుజాత గారు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఒక పద్యం చదివారు. హెడ్‌ఫోన్‌లో విన్నాను. ఆవిడ గొంతు, ఊపిరి తీసుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. నెల తిరక్కుండా పుస్తకం పూర్తి చేశారు. ఆ పని ఇప్పటికీ ఆవిడదే.

ఆ కేసు నాకు నేర్పింది ఒకటే. చెయ్యి పెడితే మోత తగ్గుతోందని ఆవిడ చెప్పినప్పుడే జబ్బేమిటో చెప్పేశారు. నేను దాన్ని మందు అనుకున్నాను. నా ధ్యాసంతా మెషీన్ మీదే ఉండటం వల్ల, ఆ మెషీన్ మీద చెయ్యి వేసే మనిషి గురించి ఆలోచన రాలేదు.

మొన్న సత్తెనపల్లి నుంచి ఒకాయన ఫోను చేశారు. స్పీకర్లలో గోల అట. ముట్టుకుంటే ఏమైనా అనిపిస్తుందా అని అడిగాను. "కొంచెం జివ్వుమంటదండీ, అది మామూలే. ముందు ఈ గోల సంగతి చూడండి," అన్నారు.

"గోల ఉండనివ్వండి. ముందు మెయిన్ ఎక్కడుందో చెప్పండి," అన్నాను.